కన్యస్త్రీ వైద్యురాలు మేరీ గ్లౌరీ

లెక్కల పనిమీద హైదరాబాదు వెళ్లినపుడెల్ల నాంపల్లి స్టేషనులో రైలు దిగి, అబిడ్సు మీదుగా నడచి, గన్‌ఫౌండ్రీలోని పునీత జోజప్పగారి దేవాలయపు నీడను కొంతసేపు కూర్చుండుట నాకు వాడుక. 1870వ దశాబ్దమున కట్టిన ఆ మందిరమును చూచినపుడు గుంటూరు జ్ఞప్తికి వచ్చును. అచ్చట ఆ పునీతుని పేరనే ఒక వైద్యశాల కలదు. దానిని పెంచిన తల్లి చరిత్రము మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు తగియుండునని తోచి, వ్రాయ సాహసించితిని.

మేరీ గ్లౌరీ 1887 జూన్ 23వ తేదీన ఆస్ట్రేలియా దేశపు విక్టోరియా రాష్ట్రమున బిర్రెగుర్రా అను ఊర జన్మించెను. మెల్బోర్ను విశ్వవిద్యాలయమున మొదట సాహిత్యము చదువబూని, పిదప వైద్యమునకు మరలి 1910లో పట్టభద్రురాలయ్యెను. స్త్రీలు వైద్యులగుట అరుదైన కాలమది. అయినను అచిరకాలముననే మెల్బోర్నులో పేరుమోసిన కాలిన్సు వీథిలో ఆమె వైద్యము సాగెను. కన్నుల వైద్యమున ఆమెకు మంచి పేరుండెను.

1915లో డాక్టరు ఆగ్నెస్ మెక్లారెన్ చరిత్రమును తెలుపు చిన్న పుస్తక మొకటి ఆమె చేతికి వచ్చెను. మన దేశమున ఘోషా స్త్రీలు పురుష వైద్యునికి చేయి చూపనొల్లక, వైద్యము లేకయే మరణించుచుండుట కనలి, రావల్పిండిలో స్త్రీలకు ఆసుపత్రి పెట్టించిన స్కాట్లండు వైద్యురాలామె. ఆ కొలది పుటలు మేరీ జీవితమును మరలించెను. పుస్తకముల శక్తిని గూర్చి మన గ్రంథాలయ సభలలో ఎన్నియో ఉపన్యాసములు వింటిని గాని, ఇంతటి తార్కాణ మెవరును చెప్పగా వినలేదు.

1919లో ప్రసూతి, స్త్రీరోగ, నేత్ర వైద్యములందు ఎం.డి. పట్టమొంది, 1920 ఫిబ్రవరిలో ఆమె గుంటూరు చేరెను. అచ్చట హాలండు దేశపు యేసు మరియ జోజప్ప సభ కన్యస్త్రీలతో చేరదలచెను. చిక్కిచ్చటనే కలదు. సన్యాసవ్రతము పూనినవారు వైద్యవృత్తి చేయరాదని ఆనాటి శ్రీసభ కట్టడి. వ్రతమును కోరిన విద్యను విడువవలెను. విద్యను పట్టుకొన్న వ్రతమును విడువవలెను. రెండును దేవుడిచ్చినవే యని నమ్మినయామె దేనిని వదలును? పోపు 15వ బెనెడిక్టు గారు ప్రత్యేకానుమతి నొసగగా, కన్యస్త్రీయై యుండియు వైద్యము చేయ నధికారము పడసిన తొలి వైద్యురాలయ్యెను. కన్యస్త్రీల కందరకు ఆ తలుపు తెరచుకొనుటకు 1936 వరకు పట్టినది.

మఠమున ఆమె పేరు సిస్టరు మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్. చిన్న మందులశాలగా మొదలైన పని పునీత జోజప్ప ఆసుపత్రిగా పెరిగెను. ఒక్కతె ఎందరికి మందీయగలదు? అందుచే మన ప్రాంతపు ఆడుపిల్లలకు కాంపౌండరు పని, మంత్రసానితనము, నర్సు పని నేర్పెను. దేశవాళీ మందుల గుణములను సయితము పరిశీలించెను. నా దృష్టిలో ఆమె చేసిన వైద్యముకంటె నేర్పిన విద్యయే గొప్పది.

1943లో కథోలిక ఆసుపత్రుల సంఘమును స్థాపించెను. ఇపుడందు మూడువేలకు పైగా సంస్థలున్నవి. కార్యాలయము సికింద్రాబాదున కలదు. కథోలిక వైద్య కళాశాల యొకటి వెలయవలెనని ఆమె మిక్కిలి పరితపించెను. క్యాన్సరు వ్యాధిచే బాధనొంది, 1957 మే 5వ తేదీన బెంగుళూరున కన్నుమూసెను. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలుగా ప్రకటించెను. ఆమె కోరిన కళాశాల పునీత యోహాను పేర ఆ బెంగుళూరుననే 1963లో తెరువబడినది.