అరవై దాటినా ఆడిన నాయుడుగారు

మా సెంటినరీ కాలనీలో సాయంత్రం పిల్లల క్రికెట్ చూస్తుంటే నాకు కల్నల్ సి.కె. నాయుడుగారు గుర్తొస్తారు. 1895లో నాగపూరులో పుట్టిన తెలుగువారు. 1926లో బొంబాయిలో, ఇంగ్లాండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు! 1932లో లార్డ్స్‌లో మన దేశపు తొలి టెస్టుకు ఆయనే కెప్టెన్. ఆయన నాయకత్వంలో హోల్కర్ జట్టు 4 సార్లు రంజీ ట్రోఫీ గెలిచింది.

1956లో పద్మభూషణ్ వచ్చింది. మనకైతే అది పెన్షన్ కాగితాల వయసు. ఆ ఏడు మొదలైన రంజీ సీజనులో ఆయన ఉత్తరప్రదేశ్ తరఫున బ్యాటు పట్టారు. 1967లో ఇందోరులో కన్నుమూశారు.

నేను 58కి ఫైళ్లు అప్పగించి, మోకాళ్ల నొప్పులంటూ అరుగుకే అతుక్కుపోయాను. మనుమడు బంతి వేయమంటే కసిరేవాణ్ణి. మొన్న ఒక ఓవరు వేశాను. రెండు వైడ్లు పడ్డాయి.