మురికివాడ నుంచి మోగిన పాట: బాబ్ మార్లే (1945–1981)

మన హాస్టల్ గదుల్లో బాబ్ మార్లే బొమ్మ చూడని వారు ఉండరు. టీషర్టుల మీద, గోడలకు అంటించిన పోస్టర్ల మీద ఆ జడలు కట్టిన జుట్టు, ఆ నవ్వు మనకు బాగా తెలుసు. కానీ ఆ మనిషి ఎక్కడివాడు, ఎవరి కోసం పాడాడు, ఆయన మీద తుపాకులు ఎందుకు పేలాయి అన్నది మనలో చాలామందికి తెలియదు. గంజాయి తాగే పాటగాడు అని ఒక్క మాటలో తేల్చేస్తాం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని మిత్రులకు పరిచయం చేయాలనుకున్నాం.

బాల్యం – ట్రెంచ్ టౌన్

జమైకా కరేబియన్ సముద్రంలో ఒక చిన్న దీవి. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసల చేత చెరకు పండించి బ్రిటిష్ వాళ్ళు లాభాలు గడించిన నేల అది. 1838లో బానిసత్వం పూర్తిగా పోయింది కానీ భూమి మాత్రం నల్లవాళ్ళ చేతికి రాలేదు. ఆ దేశంలో సెయింట్ ఆన్ ప్రాంతంలోని నైన్ మైల్ అనే కొండపల్లెలో 1945 ఫిబ్రవరి 6న రాబర్ట్ నెస్టా మార్లే పుట్టాడు. తల్లి సెడెల్లా నల్లజాతి స్త్రీ. అప్పటికి ఆమెకు 18 ఏళ్ళు. తండ్రి నార్వల్ మార్లే తెల్లవాడు, వయసులో ఎంతో పెద్దవాడు. ఆయన భార్యాబిడ్డల దగ్గర నిలవలేదు. 1955లో చనిపోయాడు. ఇటు నల్లవాళ్ళలోనూ అటు తెల్లవాళ్ళలోనూ పూర్తిగా కలవని పిల్లవాడిగా బాబ్ పెరిగాడు.

పన్నెండేళ్ళ వయసులో తల్లి వెంట రాజధాని కింగ్‌స్టన్ చేరి, ట్రెంచ్ టౌన్ అనే పేదల వాడలో ఉన్నాడు. ఒక్క ఆవరణలో ఎన్నో కుటుంబాలు, అందరికీ ఉమ్మడి వంటిల్లు, ఉమ్మడి నీళ్ళ కుళాయి. చదువు మధ్యలో ఆపి వెల్డింగ్ పని నేర్చుకున్నాడు. అదే వాడలో ఉండే జో హిగ్స్ అనే గాయకుడు సాయంత్రాలు కుర్రాళ్ళకు ఉచితంగా పాట నేర్పేవాడు. అక్కడే బాబ్, బన్నీ లివింగ్‌స్టన్, పీటర్ టాష్ ముగ్గురూ కలిసి 1963లో వేలర్స్ అనే బృందం కట్టారు. వేలర్స్ అంటే గోడు వెళ్ళబోసుకునేవాళ్ళు అని అర్థం. 1964లో వారి మొదటి పాట సిమ్మర్ డౌన్ జమైకా అంతా మోగింది. కత్తులు పట్టుకు తిరిగే వాడ కుర్రాళ్ళను కాస్త చల్లబడమని చెప్పే పాట అది. ఆ బృందం మొదటి పాటే తమ వాడ పిల్లలు ఒకరినొకరు చంపుకోకూడదన్న పాట అని మనం గుర్తుంచుకోవాలి.

మైకుసెట్టు నుంచి వచ్చిన సంగీతం

ఆ రోజుల్లో జమైకా పేదలకు క్లబ్బులకు వెళ్ళే స్తోమత లేదు. మన పల్లెల్లో పెళ్ళికీ జాతరకూ మైకుసెట్టు పెట్టినట్టే, అక్కడ పెద్ద పెద్ద స్పీకర్ పెట్టెలు తెచ్చి వీధుల్లో రికార్డులు వేసేవారు. దానిని సౌండ్ సిస్టమ్ అంటారు. రికార్డు తిరుగుతుంటే మైకు పట్టుకున్నవాడు లయకు తగ్గట్టు మాటలు అల్లేవాడు. యూ-రాయ్ వంటివారు అందులో పేరు పొందారు. ఈ వీధుల్లోనే స్కా, తరువాత రాక్‌స్టెడీ, 1968 నాటికి రెగే పుట్టాయి.

1966లో రీటాను పెళ్ళి చేసుకున్న బాబ్, కొన్ని రోజులకే డబ్బు కోసం అమెరికాలోని డెలావేర్‌లో తల్లి దగ్గరకు వెళ్ళి కార్ల కర్మాగారం వంటి చోట్ల పని చేశాడు. తిరిగి వచ్చాక రస్తాఫారి మార్గంలోకి వెళ్ళాడు. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని దైవంగా నమ్మే మతం అది. ఆఫ్రికా మన తల్లి, నల్లరంగు అవమానం కాదు అని చెప్పే ఈ మతానికి, అదే సెయింట్ ఆన్ ప్రాంతంలో పుట్టిన మార్కస్ గార్వే ఆలోచనలు మూలం. రస్తాలకు గంజాయి ఒక ఆచారం. ఆ మాట కూడా 1845 నుంచి మన దేశం నుంచి జమైకాకు తీసుకుపోయిన కూలీల ద్వారా అక్కడికి చేరిందే. రస్తాలను జమైకా ప్రభుత్వం ఎన్నో ఏళ్ళు వేధించింది. 1963లో కోరల్ గార్డెన్స్‌లో జరిగిన దాడికి 2017లో గాని క్షమాపణ చెప్పలేదు.

1973లో క్యాచ్ ఎ ఫైర్, బర్నిన్ ఆల్బమ్‌లతో వేలర్స్ పేరు దేశాలు దాటింది. హక్కుల కోసం లేచి నిలబడమని చెప్పే గెటప్ స్టాండప్ పాట బర్నిన్‌లోనిదే. ప్రసిద్ధ నో ఉమన్ నో క్రై పాటకు రచయితగా ట్రెంచ్ టౌన్‌లో పేదలకు అన్నం వండిపెట్టే మిత్రుడు విన్సెంట్ ఫోర్డ్ పేరు వేశారు.

రెండు జెండాల మధ్య

1962లో స్వాతంత్ర్యం వచ్చాక జమైకాలో రెండు పార్టీలు బలపడ్డాయి. ఒకటి మైకేల్ మాన్లీ నాయకత్వంలోని పీఎన్‌పీ, రెండవది ఎడ్వర్డ్ సియాగా నాయకత్వంలోని జేఎల్‌పీ. పేటలను పంచుకుని, ఇళ్ళూ పనులూ తమవాళ్ళకే ఇచ్చి, కుర్రాళ్ళ చేతికి తుపాకులు అందేలా చేశారు. చచ్చేదీ చంపేదీ పేదలే.

1976 డిసెంబరులో జరిగేలా బాబ్ ప్రజల కోసం స్మైల్ జమైకా అనే ఉచిత కచేరీ ప్రకటించాడు. వెంటనే ప్రభుత్వం ఎన్నికలు ప్రకటించడంతో ఆయన అధికార పార్టీ మనిషి అన్న ముద్ర పడింది. డిసెంబరు 3 రాత్రి సాయుధులు ఆయన ఇంట్లోకి దూరి కాల్పులు జరిపారు. ఆయన ఛాతీకి, చేతికి, రీటా తలకు గాయాలయ్యాయి. మేనేజరు డాన్ టేలర్ తీవ్రంగా గాయపడ్డాడు. రెండు రోజుల తరువాత కట్లతోనే వేదిక ఎక్కి బాబ్ వేలాది జనం ముందు పాడాడు. ఆ తరువాత దేశం విడిచి లండన్ వెళ్ళాడు. అక్కడే 1977లో ఎక్సోడస్ ఆల్బమ్ వచ్చింది. అదే ఏడాది కాలివేలికి క్యాన్సర్ ఉన్నట్టు తేలింది.

1978లో రెండు పార్టీల పేటల దాదాలు క్లాడీ మాసప్, బకీ మార్షల్ జైల్లో కలుసుకుని సంధి చేసుకున్నారు. దాని కోసం ఏప్రిల్ 22న జరిగిన వన్ లవ్ పీస్ కచేరీకి బాబ్ తిరిగి వచ్చాడు. పాట మధ్యలో మాన్లీనీ, సియాగానూ వేదిక మీదకు పిలిచి ఇద్దరి చేతులూ కలిపి పైకెత్తాడు. ప్రపంచమంతా చూసిన దృశ్యం ఇది. అయితే తరువాత ఏం జరిగిందో కూడా మనం చెప్పుకోవాలి. 1979లో మాసప్ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. 1980లో మార్షల్‌ను న్యూయార్క్‌లో చంపారు. ఆ ఏడాది ఎన్నికల హింసలో సుమారు 800 మంది బలయ్యారు. వేదిక మీద చేతులు కలిసినా పేటల్లో తుపాకులు ఆగలేదు. పాట మనసును మార్చగలదు గాని, ఇళ్ళూ ఉద్యోగాలూ ఎవరి చేతిలో ఉన్నాయో దానిని మార్చేది ప్రజల సంఘటిత శక్తే.

జింబాబ్వే నుంచి న్యూయార్క్ వరకు

1979లో సర్వైవల్ ఆల్బమ్‌లో బాబ్ జింబాబ్వే అనే పాట పాడాడు. అప్పటికి ఆ దేశానికి విముక్తి రాలేదు. 1980 ఏప్రిల్‌లో స్వాతంత్ర్య వేడుకలకు ఆహ్వానం రాగా, సొంత ఖర్చుతో సామాను తరలించి వెళ్ళి పాడాడు. మన ప్రధాని ఇందిరాగాంధీ కూడా ఆ వేడుకలకు హాజరయ్యారు. లోపలికి రానివ్వని జనం తోసుకు రావడంతో పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. విముక్తి పొందిన ప్రజలే వారి వేడుకకు బయట నిలబడవలసి వచ్చింది. మరునాడు బాబ్ సామాన్య జనం కోసం మళ్ళీ పాడాడు.

ఆయనకు ఒక వెలితి ఉండేది. అమెరికాలో ఆయన కచేరీలకు తెల్ల యువకులు వచ్చేవారు గాని నల్లజాతి జనం తక్కువ. 1980 సెప్టెంబరులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నల్లజాతి బృందం కమడోర్స్‌తో కలిసి పాడింది ఆ ప్రేక్షకుల కోసమే. ఆ వేదిక మీద ముందుగా పాడిన యువకుడు కర్టిస్ బ్లో, తొలితరం ర్యాప్ గాయకుడు. రెగే, హిప్‌హాప్ ఒకే వేదిక మీద నిలిచాయి.

నిజానికి ఈ రెండూ ఒక తల్లి బిడ్డలే. 1955లో కింగ్‌స్టన్‌లో పుట్టిన క్లైవ్ క్యాంప్‌బెల్ 1967లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కు వలస వెళ్ళాడు. కూల్ హెర్క్ పేరుతో 1973 ఆగస్టు 11న చెల్లెలి విందులో రికార్డులు వేశాడు. హిప్‌హాప్ పుట్టినరోజుగా దానినే చెబుతారు. అక్కడి పిల్లలకు రెగే ఎక్కకపోవడంతో ఫంక్ రికార్డులు వేసినా, పెద్ద స్పీకర్లు, మైకులో మాటలు జమైకా నుంచి వచ్చినవే. రెగే ఆఫ్రికా వైపు, దేవుని వైపు చూపు సారించి విముక్తిని పాడింది. హిప్‌హాప్ కాలిపోతున్న తన వీధిని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. 1982లో వచ్చిన ద మెసేజ్ పాట అందుకు ఉదాహరణ. తరువాత డబ్బు, దర్పం పొగిడే పాటలూ రెండింటిలో వచ్చాయి. అయినా బంధం తెగలేదు. 1996లో ఫ్యూజీస్ బృందం మార్లే పాటను మళ్ళీ పాడింది. 2010లో ఆయన కొడుకు డామియన్, ర్యాప్ గాయకుడు నాస్ కలిసి ఆల్బమ్ చేశారు.

చివరి రోజులు

న్యూయార్క్ కచేరీల తరువాత పార్కులో పరుగెత్తుతూ బాబ్ కుప్పకూలాడు. క్యాన్సర్ మెదడుకు పాకింది. సెప్టెంబరు 23న పిట్స్‌బర్గ్‌లో చివరి కచేరీ చేశాడు. జర్మనీలో చికిత్స ఫలించలేదు. స్వదేశానికి వెళుతూ 1981 మే 11న మయామీలో 36 ఏళ్ళకే కన్నుమూశాడు. పుట్టిన నైన్ మైల్ పల్లెలోనే సమాధి చేశారు. 2018లో యునెస్కో రెగేను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

మనకు ఏమవుతాడు?

నల్లజాతి పోరాటం మనకు పరాయిది కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1946లోనే అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాసి రెండు పోరాటాల పోలికను ప్రస్తావించారు. ఆ దారిలోనే మార్లేనూ చదువుకోవాలి.

మిత్రులారా! ఎన్నికలు వచ్చాయంటే జెండాలు మోయడానికి, బైకు ర్యాలీలకు ముందుగా పిలుపు వచ్చేది మన హాస్టళ్ళకే. వేరువేరు జెండాల కింద నిలబడి, ఒకే మెస్‌లో తిన్న వాళ్ళం ఎదురెదురు అవుతున్నాం. ఓటు మనది, రాజకీయం కూడా మనకు కావాలి. కానీ తోటివాడిని శత్రువుగా చూపించే జెండా ఏదైనా మనది కాదని ట్రెంచ్ టౌన్ చరిత్ర చెబుతోంది. మార్లే బొమ్మ వేసుకున్న టీషర్టు తొడుక్కునే ప్రతి తమ్ముడూ, చెల్లీ ఈ సంగతి తెలుసుకోవాలని మా కోరిక.