మక్కా మస్జిద్‌కు పునాది వేసిన సుల్తాన్

గోల్కొండను పాలించిన కుతుబ్‌షాహీ సుల్తానుల్లో ఆరవవారు సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా. హైదరాబాద్ నగర నిర్మాత ముహమ్మద్ కులీ కుతుబ్ షాకు ఆయన సోదరుని కుమారుడు, అల్లుడు కూడా. 1612లో సింహాసనం అధిష్ఠించారు. విద్యాప్రియులుగా, దైవభీతిపరులుగా పేరు పొందారు.

చార్మినార్ సమీపంలో ఒక పెద్ద జామె మస్జిద్ నిర్మించాలని సంకల్పించి, 1617లో పని ప్రారంభించారు. తహజ్జుద్ నమాజు ఎన్నడూ తప్పనివారే పునాదిరాయి వేయాలని ప్రకటించగా ఎవరూ ముందుకు రాలేదని, చివరికి సుల్తానే ఆ రాయి వేశారని పెద్దలు చెబుతారు.

నల్లరాతితో కట్టిన ఈ మస్జిద్ ప్రార్థనాశాల పొడవు సుమారు 220 అడుగులు, వెడల్పు 180, ఎత్తు 75 అడుగులు. దాని కప్పును 15 కమానులు మోస్తున్నాయి. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలను మధ్య కమానులో వాడినందునే ఈ పేరు వచ్చిందని ప్రతీతి.

1626లో సుల్తాన్ కన్నుమూసేనాటికి పని పూర్తి కాలేదు. ఆ తర్వాతి ఇద్దరు సుల్తానుల కాలంలోనూ ముగియలేదు. 1687లో గోల్కొండ మొఘలుల వశమైంది, కుతుబ్‌షాహీ వంశ పాలన అంతరించింది. ఆ రాజ్యాన్ని జయించిన ఔరంగజేబే 1694లో మస్జిద్‌ను పూర్తి చేయించారు.

రాజ్యం పోయింది, అల్లాహ్ కోసం తలపెట్టిన పని మాత్రం ఆగలేదు. మన మొహల్లాలో మస్జిదో, మదర్సానో మొదలుపెట్టేటప్పుడు, అది మన చేతుల మీదుగానే ముగియాలని, ఫలకంపై మన పేరే ఉండాలని ఆశిస్తాం. సంకల్పం స్వచ్ఛంగా ఉంటే చాలు. మిగిలిన పనిని అల్లాహ్ తాను కోరినవారి చేత చేయిస్తాడు. సదఖయె జారియా పుణ్యం మాత్రం పునాది వేసినవారికీ అందుతూనే ఉంటుంది.