బరువు లెక్క తెలిసిన ఇంజనీరు – డాక్టర్ కె.ఎల్. రావు

మన హాస్టల్లో నాగార్జునసాగర్ పేరు తెలియనివారు ఉండరు. కానీ దాని డిజైన్‌లో ముఖ్యపాత్ర వహించిన డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారి గురించి తెలిసినవారు తక్కువ.

ఆయన 1902 జులై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి చనిపోయారు. బడిలో ఆడుకుంటుండగా ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు ఆపలేదు. మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగ్ చదివారు. 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు. రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటుపై పుస్తకం రాశారు.

ఆయన శాస్త్రం స్ట్రక్చరల్ ఇంజనీరింగ్. అంటే బరువు దేనిమీద ఎంత పడుతుందో లెక్కగట్టడం. వంతెన మీద లారీ ఒక పక్కగా పోతే ఆ పక్క గర్డరు ఎక్కువ బరువు మోస్తుంది. పైనున్న స్లాబు, అడ్డ గర్డర్లు కొంత బరువును మిగతావాటికి పంచుతాయి. అన్నీ సమానంగా మోస్తాయని లెక్క వేస్తే అంచు గర్డరుకు ప్రమాదం. సాగర్ లాంటి ఆనకట్టలో పక్కవాటి సాయాన్ని నమ్ముకోరు. ప్రతి భాగమూ తన సొంత బరువుతోనే నీటిని ఆపాలి. నీటి లోతు రెట్టింపైతే నీరు నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే ఆనకట్ట అడుగున అంత వెడల్పు.

1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు సాగర్‌కు శంకుస్థాపన చేశారు. అవి సిమెంటుకు, యంత్రాలకు కరువున్న రోజులు. అందుకే 124 మీటర్ల ఎత్తు ఆనకట్టను రాతితో కట్టారు. రాయిని మోసింది కూలీలు. మన పాలమూరు కూలీలు ఎన్నో ప్రాజెక్టుల్లో ఇలాగే రాయీ మట్టీ మోశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాలు పచ్చబడ్డాయి. కాలువ కంటే ఎత్తున ఉన్న మునుగోడు, దేవరకొండ మెట్ట ఊళ్లు మాత్రం చాలా ఏళ్లు ఫ్లోరైడ్ నీళ్లే తాగాయి. ఆనకట్ట బరువును సరిగ్గా పంచగలిగాం, నీటిని అలా పంచలేకపోయాం.

రావు గారు విజయవాడ నుండి ఎం.పి.గా గెలిచి, కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ మంత్రిగా పనిచేశారు. 1963లో పద్మభూషణ్ అందుకున్నారు. గంగా కావేరి నదుల్ని కలపాలని ప్రతిపాదించారు. 1986 మే 18న కన్నుమూశారు. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మనలో చాలామంది తల్లిదండ్రులు బరువులు మోసినవారే. ఆ బరువును లెక్కగట్టే చదువు ఇప్పుడు మన చేతికి వచ్చింది. మెట్ట ఊళ్లకు నీళ్లెక్కించే లెక్క ఇంకా మిగిలే ఉంది. దాన్ని మనమే చేయాలి.