పాఠం చెప్పిన కవిసమ్రాట్టు

ఈ ఉత్సవ సంచికకు ఒక తెలుగు రచయిత జీవితం గురించి నాలుగు మాటలు రాయవలసిందని కార్యవర్గంవారు కోరినప్పుడు మేము ఆట్టే ఆలోచించలేదు. ఖురంలో మన ఇళ్ళలో పెరుగుతున్న పిల్లలు తెలుగు వింటారు, మాట్లాడతారు కూడా. అచ్చు పుస్తకం చేతికిస్తే మాత్రం చాలామంది బిక్కమొహం వేస్తారు. కన్ను అందుకోలేనిది చెవి అందుకోగలదు గదా, అటువంటి పిల్లలకు వినిపించదగిన పెద్ద రచయిత ఎవరా అని చూస్తే, నవలలను పాఠం చెప్పినట్టు నోటితో చెప్పి రాయించిన ఒక కాలేజీ మాష్టారు గుర్తుకు వచ్చారు. ఆయనే కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణ గారు.

వారు 1895 సెప్టెంబరు 10వ తేదీన కృష్ణా జిల్లా నందమూరు గ్రామంలో శోభనాద్రి, పార్వతమ్మ దంపతులకు జన్మించారు. తండ్రిగారు ఒకప్పుడు కలిగినవారే. అడిగినవారికి లేదనడం చేతకాని మనిషి కావడంతో ఆస్తి దానధర్మాలకింద కరిగిపోయింది. కొడుకు చేతికి వచ్చేసరికి మిగిలింది పేదరికమూ, ఊరినిండా వినవచ్చే పురాణాలూ, హరికథలూ, వీధి భాగవతాలూను. ఆ రెండో ఆస్తిని మాత్రం ఆయన ఎన్నడూ పోగొట్టుకోలేదు.

చదువు బందరులో సాగింది. మన ఖురం తీరాన మడచెట్ల పక్కన సాయంకాలం నడిచేటప్పుడు ఆ వైపు నుంచి వచ్చినవారికి కృష్ణ సముద్రంలో కలిసేచోటి మడ అడవులు తలపుకు రాక మానవు. ఆ బందరులో హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవారు తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు. అవధానాలతో ఆంధ్రదేశమంతా తిరిగి, పద్యాన్ని నోటిమీద నిలబెట్టిన మహానుభావుడు. కవిత్వమంటే ముందు చెవికి సంబంధించిన విద్య అన్నది సత్యనారాయణ గారికి అక్కడే పట్టుబడి ఉంటుందని మా అభిప్రాయం.

తరువాత తానే ఉపాధ్యాయుడైనారు. బందరు జాతీయ కళాశాలలో కొంతకాలం, ఆపైన గుంటూరు క్రైస్తవ కళాశాలలో 1933 వరకు పనిచేశారు. అక్కడి నుంచి 1938లో విజయవాడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో చేరేదాకా నిలకడైన ఉద్యోగం లేదు. నెలజీతం ఆగితే ఏమవుతుందో గల్ఫులో ఉన్న మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆ కొలువు లేని రోజుల్లోనే, 1934లో, తెలుగువారు ఇప్పటికీ తలచుకొనే ‘వేయిపడగలు’ పుట్టింది. 29 రోజుల్లో రాసి ముగించారని చెప్పుకొంటారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో దానికీ, అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’కూ కలిపి బహుమతి వచ్చింది. చిత్రమేమంటే ఇద్దరూ 1895లోనే పుట్టినవారు, ఇద్దరూ బందరు జాతీయ కళాశాలతో సంబంధమున్నవారే.

సుబ్బన్నపేట అనే పల్లె కథ అది. ఊరిని కాచే వేయిపడగల పాము పడగలు ఒక్కొక్కటే రాలిపోతుంటాయి. గుడి, కోట, పొలం, వైద్యం, చదువు, ఒకటేమిటి, ఒకదాన్నొకటి పట్టుకొని నిలిచినవన్నీ కూలుతుంటే ధర్మారావు అనే యువకుడు చూస్తూ నిలబడతాడు. అతనూ ఉపాధ్యాయుడే, అతనిదీ నిలవని కొలువే. రచయిత తన బ్రతుకు కొంత అతనికి పంచి ఇచ్చారని చదివినవారికి తెలుస్తూనే ఉంటుంది. నవలలో ధర్మారావు భార్య అరుంధతి మరణిస్తుంది. బయట సత్యనారాయణ గారు కూడా సహధర్మచారిణి వరలక్ష్మమ్మ గారిని పోగొట్టుకొని, ఆ దుఃఖాన్ని ‘వరలక్ష్మీ త్రిశతి’గా పద్యాల్లో పెట్టుకొన్నారు. ఈ నవలను పి.వి. నరసింహారావు గారు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి అనువదించారు. అది 1968లో వెలువడింది. ఆయన ప్రధానమంత్రి అయింది 1991లో.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ నవలను మా ఇంట్లో కొంత చదివి వినిపించినప్పుడు, ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. వేణుగోపాలస్వామి సేవకే అంకితమైన దేవదాసి గిరిక తన జీవితాన్ని తానెందుకు ఎన్నుకోలేకపోయిందని అడిగింది. మేము సమాధానం చెప్పలేకపోయాము. వర్ణవ్యవస్థనూ, పాతకాలపు కట్టుబాట్లనూ ఆయన సమర్థించిన తీరును ఆ రోజుల్లోనే అభ్యుదయవాదులు గట్టిగా విమర్శించారు. ఇంగ్లీషు చదువు పట్టుకొని సముద్రం దాటి వచ్చిన మనం ఆయన చెప్పినదంతా ఒప్పుకోలేము, ఒప్పుకోనక్కరలేదు కూడా. అయినా ఊరు వదిలి వచ్చినవాడి మనసులో ఏ మూలో ఒక పడగ రాలిన చప్పుడు వినపడుతూనే ఉంటుంది. ఆ చప్పుడును అంత దగ్గరగా వినిపించిన నవల మరొకటి మాకు తెలియదు.

విజయవాడలో 1959 వరకు, ఇరవై ఒక్క సంవత్సరాలు ఆయన తెలుగు చెప్పారు. అక్కడి శిష్యుల్లో నిమ్మకూరు కుర్రవాడు నందమూరి తారక రామారావు ఒకరు. కళాశాల నాటకంలో మాష్టారు ఆ కుర్రవాడికి నాగమ్మ వేషం ఇచ్చారు. ఆడవేషానికి మీసం తీయడానికి రామారావు ససేమిరా అన్నారు. మీసంతోనే రంగమెక్కి మీసాల నాగమ్మ అనిపించుకొన్నారు. ఆ శిష్యుడే 1969లో గురువుగారి ‘ఏకవీర’ సినిమాలో కథానాయకుడుగా నటించారు. మధురలో, వైగై నది ఒడ్డున, నాయక రాజుల నాటి కథ అది.

తరగతి గదిలో నన్నయనూ, పెద్దననూ చెప్పి చెప్పి ‘నన్నయగారి ప్రసన్నకథాకలితార్థయుక్తి’, ‘అల్లసానివారి అల్లిక జిగిబిగి’ వంటి విమర్శలు రాశారు. నవలలు సుమారు అరవై దాకా ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఆయన చెబుతూ ఉంటే ఎదుట కూర్చున్నవారు రాసుకొన్నారు. అందుకే ఆ వాక్యాల్లో మనిషి గొంతు ఉంటుంది. కథ ఆపి మందలిస్తారు, పక్కదారి పట్టి ఏదో శాస్త్రం విప్పుతారు, మళ్ళీ వచ్చి కథ అందుకొంటారు. కళ్ళతో చదివితే విసుగనిపించే పుటలు పైకి చదివితే ఇట్టే సాగుతాయి. ఇది మేము చేసి చూసిన సంగతి.

మొదటే ‘వేయిపడగలు’ పిల్లల నెత్తిన పెట్టకండి. ‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’ ఉంది. పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మా, భారతం రాసిన తిక్కనా ఒక ఇంగ్లీషు లెక్చరరు కలలోకి వచ్చి ఇంగ్లీషు నేర్పమంటారు. స్పెల్లింగులకూ, ఉచ్చారణకూ పొత్తు కుదరక ఆ గురువు పడే అవస్థ చూసి మన పిల్లలు కడుపుబ్బ నవ్వుతారు. ‘హాహా హూహూ’ అని మరొకటి. గుర్రపు ముఖం ఉన్న గంధర్వుడొకడు లండనులో ట్రఫాల్గర్ స్క్వేరులో వచ్చి పడతాడు. పరాయిదేశంలో, తన భాష రానివారి మధ్య నిలబడి, తానెవరో చెప్పుకోవలసి వచ్చిన ప్రాణి కథ మనవాళ్ళకు ఒకరు విడమర్చి చెప్పాలా?

విజయవాడ తరువాత కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వెళ్ళి 1961 వరకు ఉన్నారు. తండ్రిగారి మాట మీద మొదలుపెట్టిన ‘శ్రీమద్రామాయణ కల్పవృక్షం’ ఆరు కాండలూ దశాబ్దాలపాటు సాగి పూర్తయ్యాయి. ‘విశ్వనాథ మధ్యాక్కఱలు’కు 1962లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1970 సంవత్సరానికి కల్పవృక్షానికి లభించిన జ్ఞానపీఠం తెలుగుకు వచ్చిన మొదటి జ్ఞానపీఠం. 1976 అక్టోబరు 18న గుంటూరులో కన్నుమూశారు.

కరీంనగర్ ప్రాంతపు జువ్వాడి గౌతమరావు గారు కల్పవృక్ష పద్యాలను ఊరూరా గానం చేసి, అచ్చులో చూసి భయపడినవారికి కూడా వాటిని చేరవేశారు. మాకు అంత గొంతు లేదు. శుక్రవారం సాయంత్రం భోజనాలకు ముందు ఇద్దరు ముగ్గురు ఇరుగు పొరుగు పిల్లలను కూర్చోబెట్టి ‘హాహా హూహూ’ కొంచెం కొంచెంగా చదువుతున్నాము. పోయిన వారం గంధర్వుణ్ణి బోనులో పెట్టిన చోట ఆపాము. వచ్చే శుక్రవారం చదివే వంతు తనదేనని, అక్షరాలు కూడబలుక్కొనే మా అబ్బాయి పుస్తకం తీసుకొని తన దిండు కింద పెట్టుకొన్నాడు.