తెలుగు చలనచిత్ర పితామహుడు రఘుపతి వెంకయ్య

తెర ఇంకా మాటలు నేర్వని రోజులవి. బొమ్మ కదలడమే ప్రజలకు గొప్ప వింత. ఆ వింతను ఊరూరా చూపి, దానికొక స్థిరమైన నెలవు కల్పించి, చివరకు స్వయంగా చిత్రనిర్మాణానికి పూనుకున్న తెలుగు ప్రముఖుడు రఘుపతి వెంకయ్యనాయుడు.

ఆయన 1869 అక్టోబరు 15న మచిలీపట్నంలో జన్మించారు. యుక్తవయసులోనే మద్రాసు చేరి, ఛాయాగ్రహణాన్ని వృత్తిగా స్వీకరించి, మౌంటు రోడ్డులో స్టూడియో నెలకొల్పారు. వృత్తి బాగా సాగింది. అంతటితో తృప్తిపడి ఉంటే ఆయన జీవితం సుఖంగానే గడిచేది.

1909 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం ఆయన మనసును ఆకట్టుకొన్నది. ఫ్రాన్సుకు చెందిన గోమాంట్ సంస్థ తయారుచేసిన ఆ యంత్రం తెరమీద బొమ్మను చూపుతూ, గ్రామఫోను పలక ద్వారా తగిన ధ్వనిని వినిపించేది. దాని వెల 30,000 రూపాయలు. ఆ కాలానికి అది సామాన్యమైన మొత్తం కాదు. తనకు అన్నం పెడుతున్న స్టూడియోను తాకట్టు పెట్టి వెంకయ్య ఆ యంత్రాన్ని కొన్నారు. 1910లో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలు ఇచ్చారు. అనంతరం ఆంధ్ర ప్రాంతంలోనూ, బెంగుళూరులోనూ, సముద్రం దాటి బర్మా, సింహళ దేశాలలోనూ పర్యటించారు.

సంచార ప్రదర్శనలతో సంపాదించిన అనుభవం ఆయనను సినిమాశాలల నిర్మాణానికి పురికొల్పింది. మద్రాసులో భారతీయుడు నిర్మించిన తొలి సినిమాశాలగా గేయిటీ పేరుగాంచింది. తరువాత క్రౌన్, గ్లోబ్ సినిమాశాలలు వెలిశాయి.

ఇతరులు తీసిన చిత్రాలను చూపడం ఒక ఎత్తు, మన కథలను మనమే తీయడం మరొక ఎత్తు. ఈ సంకల్పంతో ఆయన కుమారుడు రఘుపతి సూర్యప్రకాశ్‌ను చిత్రనిర్మాణంలో శిక్షణకై ఇంగ్లండు పంపారు. కుమారుడు తిరిగివచ్చిన పిమ్మట తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థను స్థాపించారు. సూర్యకాంతి ధారాళంగా ప్రసరించేందుకు అద్దాలతో స్టూడియో కట్టించారు.

అక్కడ రూపొందిన 'భీష్మ ప్రతిజ్ఞ' 1921 నాటి మూకీ చిత్రం. తెలుగువారు నిర్మించిన తొలి చిత్రంగా దానిని చరిత్రకారులు పేర్కొంటారు. ప్రకాశ్ దర్శకత్వం వహించి, భీష్ముని పాత్రను తానే ధరించారు. కుటుంబ స్త్రీలు కెమెరా ముందుకు రావడానికి వెనుకాడిన కాలమది. అందువలన గంగ పాత్రను పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ నటి పోషించారు. తరువాతి కాలంలో ప్రసిద్ధ దర్శకుడైన సి. పుల్లయ్య ప్రకాశ్ వద్దనే తొలి పాఠాలు నేర్చారు. తండ్రి కోరిక తీర్చడానికి తన సుఖాన్ని వదులుకొన్న కొడుకు కథ అది. దానిని తెరకెక్కించిన ఇంట, కొడుకు విద్య కోసం, కళ కోసం తండ్రి తన సర్వశక్తులనూ ధారపోశారు.

ఆ సంస్థ దీర్ఘకాలం నిలువలేదు. ఆ చిత్రం ప్రతి కూడా నేడు లభ్యం కాదు. కాని వేసిన బాట మాత్రం చెరగలేదు. 1932లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో 'భక్త ప్రహ్లాద' వెలువడి తెర తెలుగు పలికింది. ఆ శుభఘడియను చూసిన వెంకయ్య 1941 మార్చి 15న కన్నుమూశారు. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేరిట పురస్కారాన్ని నెలకొల్పి, చలనచిత్ర రంగానికి జీవితాన్ని అంకితం చేసినవారిని సత్కరించసాగింది.

వెంకయ్య పుట్టిన ఊరు తెలుగునేల, కృషి సలిపిన నగరం అరవసీమ. పరభాషా ప్రాంతమని ఆయన సంకోచించలేదు, తన పురాణగాథను మరువనూ లేదు. చంద్రపూర్, బల్లార్‌పూర్ ప్రాంతాలలో స్థిరపడి, మరాఠీ సీమలో తెలుగు చదువును నిలుపుకొన్న కుటుంబాలకు ఈ జీవితం దూరపు కథ కాదు. ఉన్నచోటనే వేరూని, తమదైన దానిని నిర్మించి, రాబోయే తరానికి విద్యగా అందించడం ఎంతటి వ్యయప్రయాసలతో కూడినదో, ఎంతటి సార్థకమైనదో ఆయన చరిత్ర బోధిస్తున్నది.