కోషిత్సె కుర్రాడు - లాడిస్లావ్ ట్రోయాక్

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్ గుర్తుకొస్తాడు. 1936 ఆగస్టులో బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఆయన నాయకత్వాన మన జట్టు బంగారు పతకం గెలిచిన సంగతి అందరికీ తెలిసిందే. అదే ఏడాది ఫిబ్రవరిలో, అదే జర్మనీలో, గార్మిష్-పార్టెన్‌కిర్షెన్ అనే కొండ ఊళ్ళో చలికాలపు ఒలింపిక్స్ కూడా జరిగాయి. అక్కడా హాకీ ఉంది. అది గడ్డకట్టిన నీటి మీద ఆడే ఐస్ హాకీ. చెకోస్లోవాకియా తరఫున ఆడినవాళ్ళలో 21 ఏళ్ళ స్లోవాక్ కుర్రాడొకడున్నాడు. పేరు లాడిస్లావ్ ట్రోయాక్. మన దేశంలో ఈ పేరు విన్నవాళ్ళు తక్కువే గాని, స్లోవాకియాలో హాకీ చరిత్ర చెప్పాలంటే ఈయన దగ్గరే మొదలుపెట్టాలి.

ముందు ఆట గురించి రెండు ముక్కలు చెప్పుకుందాం. ఒక్కో జట్టుకు గోల్ కీపర్‌తో కలిపి ఆరుగురు బరిలో ఉంటారు. బూట్ల అడుగున సన్నటి ఉక్కు పలకలు బిగించుకుని ఐసు మీద జారుతూ ఆడతారు. బంతి ఉండదు. దాని బదులు పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. వేగం ఎంతంటే, ఎంత మొనగాడైనా ఒక నిమిషం ఆడేసరికి రొప్పుతూ పక్కకొచ్చి కూర్చోవాల్సిందే; అతని చోట్లోకి ఇంకొకడు దూకుతాడు. అందుకే ఈ ఆటలో ఒక్క వీరుడితో పని జరగదు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళ బలమే జట్టు బలం. ఈ మాట మనసులో పెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

ట్రోయాక్ 1914 జూన్ 15న కోషిత్సె పట్నంలో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక చెకోస్లోవాకియాలోకి వచ్చింది. 1938 నవంబరులో హంగరీ చేతికి పోయింది. 1945లో మళ్ళీ చెకోస్లోవాకియాకు దక్కింది. మనిషి పుట్టిన ఊరు మారలేదు, ఊరి మీద ఎగిరే జెండాయే మారుతూ వచ్చింది.

దేశానికి ఆ ఊరు తూర్పు కొసన ఉంది. రాజధాని ప్రాగ్ 500 కిలోమీటర్లకు పైగా దూరం. హాకీకి సంబంధించినంతవరకు ఆ దూరం ఇంకా ఎక్కువ. ఎందుకంటే 1930 ప్రాంతాల్లో కోషిత్సెలో ఆట అంటే చలికి దానంతటది గడ్డకట్టిన నీటి మీద ఆడేదే. చలి గట్టిగా పడితే ఆట, ఎండ పొడిస్తే ఆట బందు. మా ఇంటి సేద్యం వర్షాధారం కాబట్టి ఆ సంగతి నాకు బాగా అర్థమవుతుంది. ప్రాగ్‌లోనైతే ష్ట్వానిత్సె అనే నదీద్వీపంలో 1931 నుంచే యంత్రాలతో తయారుచేసిన ఐసు ఉండేది. సూత్రం మన ఊళ్ళ ఐసు ఫ్యాక్టరీలో ఉన్నదే: నేల కింద గొట్టాల్లో గడ్డకట్టని చల్లటి ద్రవాన్ని తిప్పితే పైన పోసిన నీళ్ళు గట్టిపడతాయి. అంటే ప్రాగ్ కుర్రాళ్ళది కాలువ కింద మాగాణి, కోషిత్సె కుర్రాళ్ళది మెట్ట.

ఆ మెట్ట పంటే 1934లో రాజధానికి వెళ్ళింది. 20 ఏళ్ళ ట్రోయాక్ ఎల్.టి.సి. ప్రాగ్ జట్టులో చేరాడు. ఎల్.టి.సి. అంటే లాన్ టెన్నిస్ క్లబ్బు! పేరు టెన్నిస్‌దే అయినా హాకీలో దేశంలోకెల్లా బలమైన జట్లలో అది ఒకటి. ఇరవయ్యేళ్ళంటే ఇది రాస్తున్న నా వయసు, చదువుతున్న మీలో చాలామంది వయసు. ఆ వయసులో చెక్కుల మధ్య ఒక స్లోవాక్‌గా, ఫార్వర్డ్ ఆటగాడిగా నెగ్గుకొచ్చి 14 ఏళ్ళపాటు అదే జట్టులో ఉన్నాడంటే చిన్న విషయం కాదు. అక్కడ మైక్ బక్నా అనే కెనడా కోచ్ కూడా దొరికాడు. బక్నా వంశమూలాలు స్లోవాకియాలోనే ఉన్నాయి. కెనడావాళ్ళ ఆటలోని కిటుకులు చెకోస్లోవాకియాకు నేర్పింది ఆయనే.

1936 ఒలింపిక్స్‌లో వాళ్ళ జట్టుకు నాలుగో స్థానం వచ్చింది. 1938లో ప్రాగ్‌లోనే జరిగిన ప్రపంచ పోటీల్లో కాంస్యం దక్కింది. ఇక బంగారమే తరువాయి అనుకుంటుండగా దేశమే లేకుండా పోయింది. 1939 మార్చిలో స్లోవాకియా విడిపోయింది, చెక్ ప్రాంతాన్ని హిట్లర్ ఆక్రమించాడు. 1939 ఫిబ్రవరి తర్వాత మళ్ళీ ప్రపంచ పోటీలు జరిగింది 1947లోనే. అంటే ట్రోయాక్‌కు 24 ఏళ్ళ నుంచి 32 ఏళ్ళ దాకా ఆ పోటీలే లేవు. ఆటగాడి జీవితంలో అవే పంట ఏళ్ళు.

32 ఏళ్ళకు ఇక చాలనుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. కాని 1947లో ప్రాగ్‌లో ప్రపంచ పోటీలు మొదలయ్యేసరికి అతను జట్టులోనే ఉన్నాడు. ఆ టోర్నమెంటు నాటకంలా నడిచింది. సొంత గడ్డ మీద చెకోస్లోవాకియా 1-2 తేడాతో స్వీడన్‌కు ఓడిపోయింది. అంతా అయిపోయిందనుకున్నారు. ఎవరూ ఊహించని విధంగా ఆస్ట్రియా 2-1తో స్వీడన్‌ను ఓడించింది. చెకోస్లోవాకియా చివరి ఆటలో అమెరికాను 6-1తో చిత్తుచేసి మొట్టమొదటిసారి ప్రపంచ విజేత అయింది. ప్రపంచ విజేత అనిపించుకున్న మొదటి స్లోవాక్ ట్రోయాక్.

మరుసటేడు సెయింట్ మోరిట్జ్ ఒలింపిక్స్. లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళకు ఇది మంచి కథ. ఎనిమిది ఆటల్లో కెనడా ఏడు గెలిచింది, చెకోస్లోవాకియా కూడా ఏడు గెలిచింది. ఈ రెండింటి మధ్య ఆట 0-0తో ముగిసింది. పాయింట్లు సమానం. అప్పటి నిబంధన ప్రకారం కొట్టిన గోల్స్‌ను పడ్డ గోల్స్‌తో భాగించారు. కెనడాకు 69, 5, అంటే 13.8. చెకోస్లోవాకియాకు 80, 18. అంటే దాదాపు 4.4. కెనడా కంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళకు వెండి పతకం దక్కింది. ఒక్క ఆటా ఓడిపోకుండా రెండో స్థానం! ఆ జట్టులో ట్రోయాక్‌తో కలిసి ఆడిన యారోస్లావ్ ద్రోబ్నీ తర్వాత 1954లో వింబుల్డన్ టెన్నిస్ కూడా గెలిచాడు.

1948 నవంబరులో జట్టు లండన్‌లో ఆడటానికి బయలుదేరింది. అందరికీ ఒకేసారి ప్రయాణం కుదరలేదు. కొందరు ముందుగా వెళ్ళిపోయారు. వెనక పారిస్‌లో మిగిలిన ఆరుగురు నవంబరు 8న ఒక చిన్న విమానం ఎక్కారు. ఆ విమానం లండన్ చేరలేదు. ఇంగ్లీష్ ఛానెల్ మీద ఎక్కడో మాయమైంది. ట్రోయాక్, స్టిబోర్, యార్కోవ్‌స్కీ, ష్ట్యోవిక్, పొకోర్నీ, ష్వార్ట్స్ - ఆరుగురూ పోయారు. దేహాలు కూడా దొరకలేదు. వాళ్ళలో అయిదుగురు తొమ్మిది నెలల క్రితమే ఒలింపిక్ వెండి పతకం మెడలో వేసుకున్నవాళ్ళు. ట్రోయాక్ వయసు 34.

ఇప్పుడు బెంచీ సంగతి గుర్తుచేసుకోండి. మూడు నెలలు తిరక్కుండానే, 1949 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ పోటీలు. ఆరు ఖాళీల్లోకి కొత్తవాళ్ళు వచ్చారు. గోల్‌లో బొహుమిల్ మోద్రీ నిలబడ్డాడు. ఏడాది క్రితం 0-0తో వదిలేసిన కెనడాను ఈసారి 3-2తో ఓడించి మళ్ళీ ప్రపంచ విజేతలయ్యారు. ఆ గెలుపులో పోయినవాళ్ళ పాలు కూడా ఉందని నా అభిప్రాయం. అలాంటి జట్టును అన్నేళ్ళు పెంచి నిలబెట్టినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. ఆ సంతోషమూ ఎక్కువకాలం నిలవలేదు. 1950 మార్చిలో కొత్త ప్రభుత్వం దేశద్రోహం నేరం మోపి అదే జట్టు ఆటగాళ్ళను అరెస్టు చేసింది. మోద్రీకి 15 ఏళ్ళ శిక్ష వేసింది. సముద్రం మింగగా మిగిలిన జట్టును జైలు మింగింది.

1993లో స్లోవాకియా వేరే దేశమైంది. 2002లో ఆ చిన్న దేశం సొంత జెండా కింద ప్రపంచ విజేత అయింది. 2006లో కోషిత్సెలో పెద్ద ఐస్ హాకీ స్టేడియం తెరిచి దానికి ట్రోయాక్ పేరు పెట్టుకున్నారు. 2011లోనూ 2019లోనూ ప్రపంచ పోటీల ఆటలు అక్కడ జరిగాయి. చలి పడితేనే ఆడగలిగిన ఊళ్ళో ఇప్పుడు మండు వేసవిలో కూడా ఐసు నిలుస్తుంది. సమాధి లేని మనిషికి ఆ ఊరు ఇచ్చుకున్న గుర్తు అది.

మనలో ఎంతోమంది తమ ఊరి నుంచి, తమ ఇంటి నుంచి ఈ కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్ళు. దారి చూపేవాళ్ళు లేక మొదటివాడు పడే పాట్లు మనకు ఒకరు చెప్పక్కర్లేదు. కోషిత్సె కుర్రాడు ఆ దారిన ఒంటరిగా నడిచాడు, పంట ఏళ్ళు పోయినా ఆట వదలలేదు. ఆ తర్వాత ఎందరు స్లోవాక్ ఆటగాళ్ళు వచ్చారో చూడటానికి అతను లేడు. వచ్చినవాళ్ళు మాత్రం అతన్ని మరిచిపోలేదు.